విజయవాడ, గుంటూరు మోటార్‌సైకిల్ యాత్రా బృందాల పెద్దలకు చివరి బండి నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన యాత్రా నిర్వాహకులకు, ముందు బండి నడిపే అన్నలకు, తోటి రైడర్లకు నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ద్విచక్ర వాహనాల మెకానిక్‌ను. 26 ఏళ్లుగా ఇదే పని. 14 ఏళ్లుగా మీ యాత్రల్లో చివరి బండి నడుపుతున్నాను. పది బండ్లు బయలుదేరితే పదోది నాది. నా సంచిలో పంక్చర్ సామాను, క్లచ్ వైరు, రెండు ప్లగ్గులు, చైను లింకు, పానాలు ఉంటాయి. ఎవరి బండి ఆగినా నేను ఆగుతాను. ఎవరు పడినా వాళ్ల దగ్గరకు మొదట చేరేది నేనే. ముందు బండి నడిపేవారికి దారి కనిపిస్తుంది, నాకు మీ అందరి వీపులు కనిపిస్తాయి. ఎవరు అలసిపోయారో, ఎవరి వెనక టైరులో గాలి తగ్గిందో, ఎవరి హెల్మెట్ పట్టీ గాలికి ఎగురుతోందో అక్కడినుంచే తెలుస్తుంది.

మీరు చేసిన మంచిని మరిచిపోయి ఈ లేఖ రాయడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు మోసినవి మీ బండ్లే. అందువల్లే, యాత్రల్లో పెద్దలు ఆధారం లేకుండా చెప్పే మాటలు కుర్రవాళ్ల ప్రాణం మీదకు తెస్తున్నాయన్న ఈ విషయాన్ని బయట పెట్టడానికి ఇంతకాలం వెనకాడాను. మొదట నోటితో చెప్పాను. తరువాత రెండుసార్లు కాగితం మీద రాసి చేతికి ఇచ్చాను. మొదటి కాగితం మడతపడి జేబులోకి వెళ్లింది. రెండోదానికి జవాబు వచ్చింది: "నువ్వు బండ్లు చూసుకో, మాటలు మేము చూసుకుంటాం." బండ్లు చూసుకునేవాడిగానే ఇప్పుడు అందరి ముందు రాస్తున్నాను.

2025 నవంబరు 2, ఆదివారం. ఆ సాయంత్రం 5 గంటల 26 నిమిషాలకు శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ 4,410 కిలోల సీఎంఎస్-03 ఉపగ్రహాన్ని మోసుకుని లేచింది. దాన్ని చూడడానికి మనం 11 బండ్ల మీద తెల్లవారుజామున కనకదుర్గ వారధి దాటాం. మంగళగిరి, గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు, నెల్లూరు మీదుగా సూళ్లూరుపేట దాకా 16వ నంబరు జాతీయ రహదారి, దాదాపు 350 కిలోమీటర్లు. పులికాట్ సరస్సు మీద శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పక్కన జనంలో నిలబడ్డాం. వెలుగు ముందు కనిపించింది. శబ్దం రావడానికి సమయం పట్టింది. వచ్చినప్పుడు చెవికన్నా ముందు గుండెకు తగిలింది. నా పక్కన నిలబడిన 21 ఏళ్ల కుర్రవాడు, మా వీధిలోనే లేత్ పని చేసేవాడు, కళ్లు తిప్పకుండా చూస్తూ "అన్నా, ఇంత బరువు ఎలా లేస్తుంది?" అని అడిగాడు. చదువు మధ్యలో ఆపేసిన పిల్లవాడి నోట అలాంటి ప్రశ్న వినడానికి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నేను నోరు తెరిచే లోపలే ఆ యాత్రకు పెద్దగా వచ్చినాయన భుజం తట్టి "లేవడమూ లేదు, పోవడమూ లేదు. చూడు, వంగిపోతోంది. కనుచూపు దాటాక సముద్రంలో పడుతుంది. మిగతాదంతా కంప్యూటర్‌లో గీసిన బొమ్మ" అన్నాడు.

ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

కావలి దాటాక దాబాలో ఆగేసరికి 9 దాటింది. తినడానికి అరగంట చాలు. లేచేసరికి అర్ధరాత్రి. 1969లో మనిషి చంద్రుడి మీద దిగనే లేదని, జెండా గాలికి రెపరెపలాడిందని, అక్కడి ఫొటోల్లో ఆకాశంలో ఒక్క చుక్క కూడా లేదని, భూమి బల్లపరుపుగా ఉందని, ఉపగ్రహాలే లేవని ఒకరి తరువాత ఒకరు చెబుతూ పోయారు. ఆ చివరి మాట అన్న తమ్ముడి హ్యాండిల్‌కు ఫోను బిగించి ఉంది. మనందరినీ ఆ దాబాకు చేర్చిన పటం, 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలు అందుకుని దారి చూపుతుంది. ఆ రాత్రి నేను ఏమీ మాట్లాడలేదు. అది నా తప్పు. అక్కడ చెప్పవలసినదాన్ని ఇక్కడ చెబుతాను. ఇవన్నీ బండి నడిపేవాళ్లకు బండి దగ్గరే తేలిపోయే సంగతులు.

రాకెట్ వంగడం నిజమే. నిట్టనిలువుగా విసిరిన రాయి తిరిగి నెత్తిమీదే పడుతుంది. భూమి చుట్టూ తిరగాలంటే అడ్డంగా సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. అందుకే లేచిన కాసేపటికే రాకెట్ సముద్రం వైపు, తూర్పుకు వాలుతుంది. భూమి కూడా పడమర నుంచి తూర్పుకే తిరుగుతోంది కాబట్టి శ్రీహరికోట దగ్గర సెకనుకు 450 మీటర్ల వేగం దానంతట అదే కలిసివస్తుంది. సముద్రంలో పడడమూ కొంతవరకు నిజమే. రెండు పక్కలా ఉండే ఘన ఇంధన బూస్టర్లు రెండు నిమిషాలు మండి, ఖాళీ అయ్యాక విడిపోయి బంగాళాఖాతంలో పడతాయి. యాత్ర పెద్ద చెప్పిన అబద్ధంలో ఇంత నిజం కలిసి ఉంది. కుర్రవాళ్లు నమ్మడానికి అదే కారణం.

చుక్కల సంగతి దాబా ముందే తేలేది. లైటు కింద నిలబెట్టిన బండిని ఫోనుతో ఫొటో తీయండి. బండి స్పష్టంగా వస్తుంది, వెనక ఆకాశంలో చుక్క ఉండదు. వెలుగులో ఉన్న వస్తువుకు సరిపోయేలా కెమెరా సర్దుకుంటే మసక చుక్కలు అందులో పడవు. చంద్రుడి మీద వాళ్లు ఫొటోలు తీసింది ఎండలో. జెండాకు పై అంచున అడ్డకర్ర ఉంది, కర్ర పాతుతున్నప్పుడు బట్ట ఊగింది, ఆ ఊపును ఆపడానికి అక్కడ గాలి లేదు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన ఆధారం మీ బండి వెనకే ఉంది. నంబరు ప్లేటు దగ్గర ఉండే ఎర్ర రిఫ్లెక్టర్‌ను దగ్గరగా చూడండి. లోపల చిన్నచిన్న గదులు కనిపిస్తాయి. ఒక్కో గది, మూడు పలకలు ఒకదానికొకటి లంబంగా కలిసిన మూల. అలాంటి మూలలోకి ఎటునుంచి వెలుగు పడినా వచ్చిన దారినే వెనక్కి పోతుంది. వెనక వచ్చే లారీ దీపం వెలుగు లారీ డ్రైవరు కంటికే తిరిగి చేరేది ఇందువల్లే. అపోలో 11 వ్యోమగాములు ఇలాంటి మూలలు 100 అమర్చిన పలకను చంద్రుడి మీద పెట్టి వచ్చారు. అపోలో 14, 15 వాళ్లు కూడా పెట్టారు. భూమి నుంచి లేజర్ వెలుగు పంపితే రెండున్నర సెకన్లలో తిరిగి వస్తుంది. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున మనకు దూరం జరుగుతున్నాడని దానితోనే కొలిచారు. మన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీద కూడా చిన్నది ఒకటి ఉంది. 2023 డిసెంబరులో చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక పంపిన లేజర్ వెలుగు దానికి తగిలి తిరిగి వెళ్లింది. యంత్రాలు కూడా అద్దాలు పెట్టగలవు కదా అనవచ్చు. నిజమే, సోవియట్ యూనియన్ యంత్రాలతోనే పెట్టింది. అయితే ఆరు యాత్రల్లో 12 మంది నడిచి తెచ్చిన 382 కిలోల రాళ్లు, మట్టి ఉన్నాయి. 2009 నుంచి చంద్రుడి చుట్టూ తిరుగుతున్న అదే నాసా నౌక తీసిన ఫొటోల్లో వాళ్లు నడిచిన కాలిబాటలు ఉన్నాయి. చంద్రుడి మీదకు ముందుగా మనిషిని పంపే పోటీలో ఓడిపోయి, అబద్ధమైతే బయట పెట్టడానికి అందరికన్నా ఎక్కువ కారణం ఉన్న సోవియట్ యూనియన్ దాన్ని కాదనలేదు.

భూమి గుండ్రమని చెప్పడానికి మనకు విదేశం అక్కరలేదు. మనలో కొందరు కచ్‌లోని కోటేశ్వర్ నుంచి అరుణాచల్ ప్రదేశ్‌లోని కిబితూ దాకా బండి మీద వెళ్లివచ్చారు. చేతి గడియారంలో దేశమంతా ఒకే సమయం. కానీ తూర్పు కొసన సూర్యుడు దాదాపు రెండు గంటలు ముందే లేవడం వాళ్లు తమ కళ్లతో చూశారు. భూమి బల్లపరుపైతే అందరికీ ఒకేసారి తెల్లవారాలి. పడవలో వెళ్లేవాడికి ఒడ్డున ఉన్న చెట్లు వెనక్కి కదిలినట్టు కనిపించినట్టే, తిరిగే భూమి మీద ఉన్న మనకు నక్షత్రాలు కదిలినట్టు కనిపిస్తాయని ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే రాశాడు. కదిలే బండి మీద బతికే మనకన్నా బాగా ఆ పోలిక ఎవరికి అర్థమవుతుంది?

రాత్రి 11 దాటాక మాట చంద్రుడి నుంచి హెల్మెట్‌కు దిగింది. "ఐఎస్‌ఐ గుర్తు కూడా ఇలాంటిదే, కంపెనీల లాభం కోసం పెట్టింది" అన్నాడు యాత్ర పెద్ద. "పట్టీ బిగిస్తే పడ్డప్పుడు హెల్మెట్ బరువుకు మెడ విరుగుతుంది. వదులుగా ఉంటే హెల్మెట్ ఊడిపోయి మెడ మిగులుతుంది. నేను 20 ఏళ్లుగా బిగించను." రెండు గంటలుగా 'పైవాళ్లు చెప్పేదంతా మోసం' అన్న మాటకు తల ఊపుతూ వచ్చిన పిల్లలు దీనికీ ఊపారు. బయలుదేరేటప్పుడు ఆ లేత్ కుర్రవాడు తన పట్టీ కొక్కెం తీసేయడం నేను చూశాను. ఆ హెల్మెట్‌ను నేనే వెంట ఉండి కొనిపించాను. "బిగించు" అన్నాను. "పెద్దన్న చెప్పాడు కదన్నా" అన్నాడు. ఇంజన్లు అప్పటికే మోగుతున్నాయి.

మార్టూరు దాటాక, రాత్రి రెండింటికి, అతడి బండి మెల్లగా కుడికి జరగడం చూసి హారన్ కొట్టాను. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మూడు సెకన్లు కన్ను మూతపడితే 66 మీటర్ల దారి ఎవరూ నడపకుండానే గడిచిపోతుంది. బండి డివైడర్ అంచును రాసుకుని పడింది. హెల్మెట్ ముందే ఎగిరిపోయింది. టార్చి వేసి వెతికితే డివైడర్ మీది గన్నేరు మొక్కల్లో దొరికింది. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

కుర్రవాడు బతికాడు. తలకు శస్త్రచికిత్స జరిగింది. కుడి చెవి వినిపించదు. లేత్ మీద కొలత తీసేటప్పుడు చేయి వణుకుతుంది కాబట్టి ఆ పని పోయింది. తండ్రి ఆటో నడుపుతాడు. ఆటోను, తల్లి మెడలోని బంగారాన్ని తాకట్టు పెట్టి, ఇంకా చాలక వడ్డీకి తెచ్చారు. ఆసుపత్రి వరండాలో ఆ తల్లి నన్ను ఒకటే అడిగింది: "అన్నయ్యా, పట్టీ పెట్టుకుని ఉంటే మెడ విరిగి చనిపోయేవాడా? మీ పెద్దాయన అలా చెప్పాడట, నిజమేనా?" కొడుకు బతికింది ఆ సలహా వల్లేనని ఆమె నమ్మదలచుకుంది. నిజం చెప్పవలసి వచ్చింది నాకు.

అనుమానపడడం తప్పని నేను అనడం లేదు. నా వృత్తి అంతా అనుమానమే. బండి స్టార్ట్ కాకపోతే పెట్రోలు వస్తోందా, ప్లగ్గులో నిప్పు ఉందా, కంప్రెషన్ ఉందా అని ఒక్కొక్కటే చూస్తాను. చూశాక చెబుతాను. ప్లగ్గు విప్పకుండానే ఇంజన్ పోయిందని చెప్పే మెకానిక్ దగ్గరకు మీరు రెండోసారి వస్తారా? కంపెనీని అడగండి, ప్రభుత్వాన్ని అడగండి, నన్నూ అడగండి. విప్పి చూసి అడగండి. విప్పి చూడకుండా తీర్పు చెప్పే అలవాటు చంద్రుడి మీద ఉన్నంతవరకు ఎవరికీ దెబ్బ తగలదు. అది మన బండి ఎక్కిన రోజున ఏమవుతుందో ఈ కింద రాస్తున్నాను.

1. తలకు జరిగే నష్టం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. హెల్మెట్ లోపల థర్మోకోల్ లాంటి పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి, తల ఆగే సమయాన్ని కొద్దిగా పెంచుతుంది. ఆ కొద్దిపాటి సమయమే మెదడును కాపాడుతుంది. తల మీద లేని హెల్మెట్‌లో ఆ పొర నలగదు. అందుకే దాని మీద గీత పడలేదు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి పరిశీలించిన కోక్రేన్ సమీక్ష 2008లో, హెల్మెట్ వల్ల మరణం ముప్పు 42 శాతం, తలగాయం ముప్పు 69 శాతం తగ్గుతుందని తేల్చింది. మెడకు హాని పెరుగుతుందనడానికి దానికి ఆధారం దొరకలేదు. ఇక ఐఎస్‌ఐ గుర్తు అంటే ఐఎస్ 4151 ప్రమాణం ప్రకారం హెల్మెట్‌ను దెబ్బకు, గుచ్చుకోవడానికి, పట్టీ బలానికి పరీక్షించారని అర్థం. పట్టీకి కూడా ప్రత్యేకంగా పరీక్ష ఉందంటే పట్టీ ఎంత ముఖ్యమో ఆలోచించండి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్ అమ్మడమే చట్టవిరుద్ధం.

2. పడినవాడికి అందని చేయి. ఆ రాత్రి మనలో ఇద్దరు "ముట్టుకోవద్దు, పోలీసు కేసు మన మీదకు వస్తుంది" అన్నారు. ఒక లారీ డ్రైవరు ఆగి, తన బండిని అడ్డంగా పెట్టి, దీపాలు వెలిగించి మనల్ని వెనక వచ్చే వాహనాల నుంచి కాపాడాడు. 108కు ఫోను చేసింది కూడా అతడే. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. సదుద్దేశంతో సాయం చేసినవారి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఇంకొక మాట చెబితే మీకూ బాధ కలుగుతుంది. 2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్సకు వీలుంది. 11 మందిలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. నాకూ తెలియదు. కాబట్టి ఎవరమూ అడగలేదు. చంద్రుడి గురించి రెండున్నర గంటలు మాట్లాడుకున్నవాళ్లం దీని గురించి రెండు నిమిషాలు మాట్లాడుకుని ఉంటే ఆ తల్లి బంగారం మెడలోనే ఉండేదేమో.

3. ఖాళీ అయ్యే జేబులు. ఆటోనగర్‌లో ఇది నేను రోజూ చూస్తాను. పెట్రోలులో ఇథనాల్ కలపడం పాత బండ్లను చంపడానికి పన్నిన కుట్ర అని ఒకరు చెబుతారు. ఆ వెంటనే విరుగుడుగా ఒక సీసా అమ్ముతారు. రోజంతా సరుకు చేరవేసి 700 రూపాయలు తెచ్చుకునే పిల్లలు అందులో 300 పెట్టి కొంటున్నారు. టైరులో నత్రజని నింపితే పంక్చర్ పడదని ఇంకొక మాట. మామూలు గాలిలోనే 78 శాతం నత్రజని ఉంది, మేకు దిగితే ఏదైనా ఒకలాగే పోతుంది.

4. మరుగున పడే అసలు ఫిర్యాదులు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. ఇథనాల్ విషయంలో పాత బండ్ల యజమానులకు నిజమైన సమస్య ఉంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపిన పెట్రోలుతో పాత ద్విచక్ర వాహనాల మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత కార్బురేటర్ బండ్లలో రబ్బరు వాషర్లు, పైపులు ఉబ్బడం నా చేతులతో విప్పి చూశాను. కాబట్టి పాత బండ్లకు తక్కువ ఇథనాల్ ఉన్న పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని, మార్చవలసిన రబ్బరు భాగాలు చవకగా దొరకాలని అడిగే హక్కు మనకు ఉంది. దీని మీద అర్జీ రాద్దామని సమావేశంలో 15 నిమిషాలు అడిగాను. "దీని వెనక ఎవరున్నారో నీకు తెలియదు" అంటూ మొదలుపెట్టి ఆ సమయమంతా మింగేశారు. అర్జీ ఇప్పటికీ నా షెడ్డులోనే ఉంది. కుట్ర మాటల నడుమ మన న్యాయమైన ఫిర్యాదు పెడితే అధికారి రెండింటినీ ఒకే బుట్టలో వేస్తాడు. రహదారి మీద దీపాలు లేని మలుపులు, హెచ్చరిక లేకుండా దారి మళ్లించిన చోట్లు, రాత్రి పూట రోడ్డెక్కే పశువులు, వీటి జాబితా కూడా అలాగే ఉండిపోయింది.

5. భయపడే జనం. అదే 2024 సెప్టెంబరులో, నీళ్లు తీస్తున్న రోజుల్లో, బుడమేరుకు మళ్లీ గండి పడిందన్న పుకారు లేచింది. అప్పుడే ఇళ్లు కడుక్కుని లోపలికి చేరినవాళ్లు పిల్లలను ఎత్తుకుని మళ్లీ వీధిలోకి పరుగెత్తారు. ఆ మాటను వీధివీధికీ వేగంగా మోసినవాటిలో మన బండ్లూ ఉన్నాయి. ఎవరూ గట్టు దాకా వెళ్లి చూడలేదు. బండి ఉన్నవాళ్లం మనమే, వెళ్లి చూడగలిగినవాళ్లమూ మనమే.

మీలో చాలామంది ఆ మాటలను నమ్మరని నాకు తెలుసు. పోనీలే, సరదా కదా అని ఊరుకుంటారు. నేనూ ఊరుకున్నాను. కానీ యాత్రలో ముందు బండి నడిపేవాడి మాటకు ఉండే బరువు వేరు. అతడు ఎడమకు చేయి చాపితే వెనక పది బండ్లు ఎడమకు తిరుగుతాయి, ఎందుకని అడగవు. అలా అడగకుండా తిరగడం రోడ్డు మీద మనకు రక్షణ. ఆ నమ్మకాన్ని దాబాలో కూర్చుని హెల్మెట్ పట్టీ మీద వాడుకోవడం అన్యాయం.

నా కోరికలు ఇవి. వీటికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను.

1. పట్టీ బిగిస్తే మెడ విరుగుతుందన్న మాటను, చెప్పిన పెద్దే, అదే పిల్లలందరి ముందు నిలబడి వెనక్కి తీసుకోవాలి. ఆయన పేరు నేను ఎక్కడా రాయలేదు, రాయను. ఆయన నా శత్రువు కాడు. తొమ్మిదేళ్లు ఆయన వెనకే బండి నడిపాను.

2. ప్రతి యాత్ర ముందు టైర్లు, బ్రేకులు, చైను, దీపాలు, హెల్మెట్ పట్టీలు తనిఖీ చేయాలి. తనిఖీ ముందు బండితో మొదలుకావాలి. పట్టీ బిగించనివారు బయలుదేరకూడదు.

3. రాత్రి 10 తరువాత బండి నడిపే యాత్రలు వద్దు. రాకెట్ సాయంత్రం లేస్తే నెల్లూరులో పడుకుని తెల్లవారాక వద్దాం. గదికి అయ్యే ఖర్చు భరించలేని పిల్లల వంతు మిగతావాళ్లం పంచుకుందాం. సోమవారం పనికి వెళ్లాలన్న తొందర నాకూ ఉంది, నా షెడ్డు కూడా సోమవారం తెరవాలి.

4. బండికి, ప్రాణానికి సంబంధించిన సలహా ఎవరు ఇచ్చినా ఆధారం అడగాలి. అడిగినవారిని చులకన చేయకూడదు. తప్పని తేలితే చెప్పినచోటే దిద్దాలి. ఇది నాకూ వర్తిస్తుంది.

5. ప్రతి సమావేశంలో మొదటి అరగంట ప్రథమ చికిత్సకు, ప్రమాద బాధితుల హక్కులకు, 108తో పాటు రహదారి సహాయానికి ఉన్న 1033 నంబరుకు, రోడ్డు సమస్యల అర్జీలకు కేటాయించాలి. ఆ తరువాత చంద్రుడి గురించి తెల్లవార్లూ మాట్లాడుకోండి. అడిగేవారిని ఆపవద్దు. ఒక ఆదివారం గుంటూరులోని భౌతికశాస్త్ర అధ్యాపకులను పిలుద్దాం. యాత్ర పెద్ద తన ప్రశ్నలన్నీ వాళ్లను అడగాలి. నేను రిఫ్లెక్టర్ విప్పి తెస్తాను.

6. ఆ కుర్రవాడి ఇంటి అప్పులో యాత్రా నిధి వాటా ఎంతో తేల్చాలి. జాలితో ఇచ్చే చందాగా కాకుండా, మన యాత్రలో మన సలహా విని పడినవాడికి మనం చెల్లించవలసిన బాకీగా ఇవ్వాలి. అతడు కూర్చుని చేయగలిగే పని నా షెడ్డులో ఇస్తున్నాను. ఇప్పటికి కార్బురేటర్లు విప్పి కడగడం నేర్చుకున్నాడు. మొన్న ఒక మధ్యాహ్నం పనిలో తల ఎత్తి, ఆ రోజు నేను జవాబు చెప్పని ప్రశ్న మళ్లీ అడిగాడు. ఎడమ చెవి వైపు కూర్చుని చెప్పాను.

ఈ కోరికల్లో మొదటి మూడింటికి జవాబు వచ్చేదాకా నేను ఏ యాత్రకూ చివరి బండిగా రాను. 14 ఏళ్లలో ఇలా అనడం ఇదే మొదటిసారి. తనిఖీకి మాత్రం ఎవరు వచ్చినా, తెల్లవారుజామున నాలుగింటికైనా షెడ్డు తలుపు తీస్తాను. డబ్బు తీసుకోను. హెల్మెట్ కూడా తీసుకురండి, పట్టీ కొక్కెం పాడైతే అక్కడే మార్చి పంపుతాను.

ఇట్లు,
ఆటోనగర్ మెకానిక్,
విజయవాడ